చరిత్ర చదివి వెబ్ డెవలపర్‌నయ్యాను: శాసనాల కాలాన్ని తెరమీద ఎలా చూపించాలి?

ప్రశ్న — లైప్‌జిగ్‌లో ఉంటున్న శ్రీకాకుళం వాసి

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధారకు దగ్గరగా ఉన్న ఒక పల్లె. చరిత్రలో ఎం.ఏ. చేసి, కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజుల శాసనాలమీద పరిశోధన పూర్తిచేసి, కొంతకాలం ఒక ప్రైవేటు కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. జీతం ఏ నెలలో చేతికొస్తుందో తెలియని ఆ ఉద్యోగంలో ఉండగానే, నేను ఎత్తి రాసుకున్న శాసన పాఠాలను సులువుగా వెతుక్కోవడానికని హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. చివరికి అదే అన్నం పెట్టే పనయింది. ఇప్పుడు జర్మనీలో వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను.

ఇక్కడి బతుకు క్రమపద్ధతిలో సాగిపోతుంది. కొత్త ఇంట్లో చేరితే రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆదివారం దుకాణాలు తెరవరు కనుక, పాలూ కూరలూ శనివారమే తెచ్చిపెట్టుకోవాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పటికి మన ఊళ్లో ఎనిమిదిన్నర, అమ్మ అన్నాలు వడ్డించే వేళ కావడంతో ఫోన్ చేస్తే ఇంటిల్లిపాదీ ఒకేచోట దొరుకుతారు. రైలెక్కితే అరగంటలో హాలె నగరం వస్తుంది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా మనం చెప్పుకొనేవాటిని 1740లలో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించింది అక్కడే. ఆ సంగతి మా ఆఫీసులో చెబితే, పక్క ఊరివాళ్లు సైతం నమ్మలేదు.

ఇక అసలు విషయం. శ్రీముఖలింగం, శ్రీకూర్మం శాసనాలను తెలుగులో చదువుకోవడానికి ఒక వెబ్‌సైటు కడుతున్నాను. డేటాబేసులో తేదీ గడి రోజు, నెల, సంవత్సరం అడుగుతుంది. శాసనంలో చూస్తే కొన్నిచోట్ల శకవర్షం, కొన్నిచోట్ల రాజ్యసంవత్సరం (ఆ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడన్నది), ఇంకొన్నిచోట్ల గంగరాజుల సొంత శకమైన గంగశకం ఉంటాయి. అరిగిపోయిన రాళ్లమీద అదీ దొరకదు. శాసనాలను కంప్యూటరుకెక్కించడానికి పండితులు వాడే ఎపిడాక్ పద్ధతిలో ‘ఇంతకు ముందు కాదు, దీని తర్వాత కాదు’ అని రెండు హద్దులు రాసుకునే వీలుంది కాబట్టి, భద్రపరచడంలో ఇబ్బంది లేదు. నా సందేహమల్లా చూపించడం గురించే. ఒక్క క్రీస్తుశక సంవత్సరం వేస్తే పాఠకుడికి హాయిగా ఉంటుంది గాని, మనకు తెలిసినదానికన్నా ఎక్కువ చెప్పినట్టవుతుంది. ఏది మేలంటారు?

జవాబు — విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, విజయనగరం

బాబూ, సంతోషం. ముందుగా రాయిమీద ఉన్నది ఉన్నట్టు చూపించి, మీరు కట్టిన లెక్కను దాని కిందనే వేరుగా పెట్టండి. రెంటినీ కలిపేస్తే రేపు ఆ లెక్కను సరిచూడదలచినవాడికి దారి ఉండదు. శకవర్షానికి 78 కలిపేస్తే చాలునని చాలామంది అనుకుంటారు. అనంతవర్మ చోడగంగుని పట్టాభిషేకం శక 999లో, సూర్యుడు కుంభరాశిలో ఉండగా జరిగినట్టు తామ్రశాసనంలో ఉంది. 78 కలిపితే 1077 వస్తుంది, కాని అది 1078 ఫిబ్రవరి. చైత్రంతో మొదలైన శకవర్షం ముగిసేలోగా ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కనుక, నెల తెలియని శాసనానికి రెండు సంవత్సరాలూ వేయడమే న్యాయం.

తర్వాతి గంగరాజుల శాసనాల్లో అంకసంవత్సరాలు వస్తాయి, అంటే రాజు ఏలుబడి ఏళ్లను కొన్ని అంకెలు వదిలేస్తూ లెక్కపెట్టడం; వాటితో మరీ జాగ్రత్త. ఆ లెక్కలో 1 ఉండదు. 6తో ముగిసే అంకెలు ఉండవు. 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. పాలన మొదటి ఏడే రెండవ అంకం. ఇరవై ఒకటవ అంకమని రాయిమీద ఉంటే అది రాజు ఏలుబడిలో పదిహేడవ ఏడన్నమాట. ఈ సంగతి మరచి నేరుగా కలుపుకుపోతే నాలుగేళ్లు తేడా వస్తుంది. గంగశకం ఆరంభాన్ని క్రీ.శ. 498 ప్రాంతంలో పెట్టేవారు ఎక్కువే అయినా, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చెప్పేవారూ ఉన్నారు. మీరు ఏ లెక్క తీసుకున్నారో సైటులో ఒకచోట రాసి ఉంచండి.

జవాబు — ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, నరసన్నపేట

మాస్టారు చెప్పినది పరిశోధకులకు సరిపోతుంది. మా పిల్లలను శ్రీముఖలింగం తీసుకువెళ్లినప్పుడు వాళ్లు సంవత్సరం అడగలేదండి. ‘ఎవరు రాయించారు, ఏం ఇచ్చారు, మన ఊరి పేరుందా’ అని అడిగారు. అఖండదీపానికి దానమిచ్చిన శాసనాన్ని చూపిస్తే, దీపం ఆరకుండా ఉండాలంటే నూనె ఎక్కడినుంచి వచ్చేదని ఒక అమ్మాయి అడిగింది. కనుక పేజీ తెరవగానే దాత, దానం, ఊరు కనబడాలి. కాలాన్ని ‘పన్నెండో శతాబ్ది తొలినాళ్లు’ అన్నట్టు మాటల్లో చెప్పి, నొక్కితే మాస్టారి లెక్కంతా తెరుచుకునేలా పెట్టండి. మా దగ్గర ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే, కాబట్టి ఫొటోల బరువు తగ్గించండి. రాతిమీద లేని అక్షరాన్ని పండితులు ఊహించి చేర్చినచోట రంగు మార్చి చూపితే, అది ఊహేనని పిల్లలకు కూడా తెలుస్తుంది.

జవాబు — చరిత్ర ఎం.ఏ. విద్యార్థి, విజయనగరం

అన్నయ్యా, శాసనాల సంగతి పెద్దలు చెప్పారు. నాది వేరే ప్రశ్న. చరిత్ర డిగ్రీతో జర్మనీలో వెబ్ పనికి వీసా ఎలా దొరికింది? చదివిన చదువు అక్కడ ఎందుకైనా పనికొస్తోందా?

జవాబు — ప్రశ్న అడిగిన సభ్యుడు

తమ్ముడూ, బ్లూ కార్డుకు, అంటే నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు ఇక్కడ ఇచ్చే నివాస అనుమతికి, మామూలుగా ఆ ఉద్యోగానికి తగిన డిగ్రీ, నిర్ణయించిన మేరకు జీతం ఉండాలి. చరిత్ర డిగ్రీ ఈ పనికి తగినది కాదు. అయితే ఐటీ పనివారికి 2023 నవంబరు నుంచి డిగ్రీ లేకున్నా, గడచిన ఏడేళ్లలో కనీసం మూడేళ్ల తగిన అనుభవం, దానితోపాటు జీతం షరతు సరిపోతే ఇస్తున్నారు. నేను ఆ దారిలోనే వచ్చాను. కనుక ముందు మన దేశంలో పనిచేసి, అనుభవ ధ్రువపత్రాల్లో ఏ పని చేశావో వివరంగా రాయించుకో. జర్మన్ భాషను అక్కడే మొదలుపెట్టు; భాషలో మధ్యస్థాయి అయిన బీ1 వస్తే బ్లూ కార్డు మీద 21 నెలలకు, తొలి మెట్టయిన ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. చదువు మాటకొస్తే, ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్‌ను, ఎందుకలా రాశారో ఆధారాలు వెతుక్కుంటూ చదవడమే నా రోజువారీ పనిలో పెద్ద భాగం. అందులో తోటివారికన్నా నాకు ఓపిక ఎక్కువ, అది శాసనాలు నేర్పిందే.

మేడం గారూ, మీరు చెప్పిన వరుసలోనే పేజీ మారుస్తున్నాను. మాస్టారూ, అంకం లెక్కకు నిన్న రాత్రి ఒక ఫంక్షన్ రాశాను. 2 ఇస్తే 1, 21 ఇస్తే 17 వస్తున్నాయి. 6, 16, 20 లాంటివి ఇస్తే సంవత్సరం చూపకుండా ‘ఇటువంటి అంకం ఉండదు, శాసన పాఠాన్ని మరొకసారి చూడండి’ అంటుంది. అచ్చయిన పాఠాలను దీనిలో వేసి చూసి, అభ్యంతరం చెప్పినవాటి జాబితాను మీకు పంపుతాను. రాతిమీద అసలేముందో మీరు పోల్చి చూడగలరా?