ఈగిల్స్ అభిమానికి కౌబాయ్స్ జెర్సీ గిఫ్టు: సరదానా, అవమానమా?

ఫిల్లీ_అల్లుడు
పంచాయితీ పెడుతున్నాను, తీర్పు మీరే చెప్పాలి. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

మేం 11 మందిమి. సగం మంది ఇంజనీరింగ్ రోజుల స్నేహితులు, మిగతా సగం డాలస్ వచ్చాక తగులుకున్నవాళ్ళు. ఆరేళ్ళుగా ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడుతున్నాం (బంతిని కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. అందులోని ఆటగాళ్ళని ఎంచుకుని ఉత్తుత్తి టీములు కట్టి, వాళ్ళ ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకుంటాం). దానికో వాట్సాప్ గ్రూపు. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా అందులో ఆట గురించి మాట్లాడేది తక్కువ, ఒకణ్ణొకడు ఏకేసుకునేది ఎక్కువ. అందులో పదిమంది డాలస్ టీమ్ కౌబాయ్స్ వాళ్ళు. ఫిలడెల్ఫియా టీమ్ ఈగిల్స్ తరఫున నేనొక్కణ్ణే. అమెరికా వచ్చిన కొత్తలో ఎనిమిదేళ్ళు ఫిలడెల్ఫియా పక్కన ఎక్స్‌టన్‌లో ఉన్నాను. 2018 ఫిబ్రవరిలో ఈగిల్స్ పేట్రియాట్స్ మీద 41-33తో తమ మొదటి సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచిన రాత్రి ఫిలడెల్ఫియా బ్రాడ్ స్ట్రీట్ మీద నేనూ ఉన్నాను. ఎక్కకుండా స్తంభాలకి గ్రీజు లాంటిది పూస్తే, అయినా ఎక్కేశారు జనం. అది చూసినవాడు ఇంకో టీమ్‌కి మారడం అయ్యే పని కాదు.

విషయానికొస్తా. ప్రతి డిసెంబర్‌లో కుటుంబాలతో కలిసి పాట్‌లక్ (తలా ఒక వంట తెచ్చుకునే విందు), సీక్రెట్ శాంటా పెట్టుకుంటాం. చీటీలు తీస్తాం, ఎవరి పేరొస్తే వాళ్ళకి చెప్పకుండా గిఫ్టివ్వాలి, 30 డాలర్లు దాటకూడదు. నా చీటీలో వచ్చినవాడికి కాఫీ పిచ్చి. మూడు షాపులు తిరిగి ఇత్తడి ఫిల్టరు పట్టుకొచ్చాను. నాకొచ్చిన డబ్బా విప్పితే నీలం జెర్సీ. కౌబాయ్స్‌ది. వీపు మీద పార్సన్స్, 11. ఆ మైకా పార్సన్స్ అనే ఆటగాణ్ణి కౌబాయ్స్ వాళ్ళే 2025 ఆగస్టు 28న ఇంకో టీమ్ గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. అంటే శత్రువు చొక్కా, అదీ శత్రువే వదిలించుకున్న చొక్కా. ట్రేడ్ అయిపోయింది కాబట్టి క్లియరెన్స్‌లో దొరికి ఉంటుంది.

ఇది గిఫ్టేనా? మీరే చెప్పండి.

నీలి_చుక్క
అన్నా, ముందు నవ్వుకుని వచ్చి రాస్తున్నాను. నేనూ డాలస్ పక్కన ఫ్రిస్కోనే, కౌబాయ్స్ హెడ్డాఫీసు మా ఇంటికి పది నిమిషాలు. ఇది గిఫ్టులకే మహారాజు. ఇచ్చినవాడు బుర్ర పెట్టి ఆలోచించాడు. క్యాండిలో, కాఫీ మగ్గో ఇచ్చి చేతులు దులుపుకోలేదు.

ఒక్క ప్రశ్న. ఆరేళ్ళుగా ఆ గ్రూపులో నువ్వేం పెడుతున్నావో కూడా చెప్పు. ఒకవైపు కథ విని తీర్పు ఇవ్వలేం.

ఫిల్లీ_అల్లుడు
సరే, దాచను. కౌబాయ్స్ చివరి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరి 28న, స్టీలర్స్ మీద. నేనప్పుడు మూడో తరగతి. ఏటా జనవరి 28న పొద్దున్నే గ్రూపులో కౌబాయ్స్ కప్పుకి ఆబ్దికం కార్డు పెడతాను. "29వ ఆబ్దికం, బంధుమిత్రులు భోజనానికి రాగలరు" అని. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో చీఫ్స్‌ని మేం 40-22తో కొట్టాక గ్రూపు ఫోటో మార్చేసి అడ్మిన్ లాక్ చేశాను. రెండు వారాలు.

నీలి_చుక్క
ఇంకేం కావాలి. కేసు కొట్టేస్తున్నాం.

చీటీ_లెక్కలు
అంత తొందరొద్దు. మా ఆఫీసులో సీక్రెట్ శాంటా నాలుగేళ్ళు నేనే నడిపాను, కాబట్టి ఈ విషయంలో నేను కాస్త చాదస్తుణ్ణి. గిఫ్టుకి ఒకటే పరీక్ష: పుచ్చుకున్నవాడు ఒక్కరోజైనా వాడగలడా? కొత్త జెర్సీ 130 డాలర్ల దాకా ఉంటుంది. అది 30కి దొరికిందంటే ఎవడూ కొనక మిగిలిపోయిన సరుకన్నమాట. ఈయన ఇత్తడి ఫిల్టరు కోసం ఒక శనివారం అంతా తిరిగాడు. జెర్సీ ఇచ్చినాయన క్లియరెన్స్ రాక్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డాడు. నవ్వింది పదిమంది, వాడుకోవడానికి ఏమీ మిగలనిది ఒక్కడికే. జోక్ గిఫ్టు ఇవ్వాలనుకుంటే దాని కింద ఒక మామూలు గిఫ్టు కూడా పెట్టాలి, సాక్స్ అయినా సరే.

కడప_కామెంటేటర్
నేను ఇండియాలో ఉంటాను. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది పక్కన పెట్టండి. మా రూమ్‌లో ఒక ఆర్‌సీబీ వాడున్నాడు. పుట్టినరోజుకి వాడికి చెన్నై పసుపు చొక్కా ఇచ్చాం. వాడు దాన్ని బైకు తుడవడానికి వాడాడు. 2025 జూన్‌లో బెంగళూరు మొదటి ఐపీఎల్ కప్పు గెలిచిన రాత్రి అదే గుడ్డ జెండాలా ఊపుకుంటూ మా గదుల ముందు తిరిగాడు. పద్దెనిమిది సీజన్లు తిన్న మాటలన్నీ ఒక్క రాత్రిలో తిరిగి పెట్టాడు. వాడకం అంటే ఇదీ వాడకమే కదండీ, లెక్కల అన్నగారూ.

నీలి_చుక్క
పైగా ఫిల్లీ (ఫిలడెల్ఫియా) వాళ్ళకి శాంటా గురించి మాట్లాడే హక్కెక్కడిది? 1968 డిసెంబర్ 15న అప్పటి ఈగిల్స్ స్టేడియం ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో హాఫ్‌టైమ్‌కి శాంటా వస్తే మంచు ముద్దలతో కొట్టిన బ్యాచ్ మీది. శాంటానే కొట్టినవాళ్ళకి సీక్రెట్ శాంటా మర్యాదలు కావాలట!

ఫిల్లీ_అల్లుడు
వస్తుందనుకున్నాను. యాభై ఏడేళ్ళ నాటి కేసు. ఆ ఏడాది టీమ్ గెలిచినవి రెండు మ్యాచ్‌లు, ఓడినవి పన్నెండు. అసలు రావాల్సిన శాంటా రాకపోతే, స్టాండ్స్‌లో ఎర్ర డ్రస్సు వేసుకుని కూర్చున్న ఒక కుర్రాణ్ణి దింపి తిప్పారు. చలిలో గడ్డకట్టి కూర్చున్న జనానికి చేతికందింది మంచు. నేను సమర్థించడం లేదు. అయినా నవ్వొస్తుంది.

గుంటూరు_గోంగూర
పార్సన్స్ అసలు మీ పెన్సిల్వేనియా పిల్లాడే కదా? హారిస్‌బర్గ్‌లో పుట్టాడు, పెన్ స్టేట్‌లో ఆడాడు. పైగా మీ ఈగిల్స్‌లో ఏ.జె. బ్రౌన్ వేసుకున్న నంబరు కూడా 11. పేరు మీద ఒక ప్లాస్టరు, కౌబాయ్స్ గుర్తు చుక్క మీద ఒక ప్లాస్టరు వేసుకుంటే సగం పని అయిపోతుంది. రంగు సంగతి దేవుడెరుగు.

ఓరుగల్లు_అక్క
తమ్ముడూ, పొద్దుటి నుంచి చదువుతున్న. మా ఇంట్ల బీరువా కింది అరలో ముప్పై జాకెట్ ముక్కలున్నయి. ఒక్కటీ నేను కుట్టించుకోలేదు. ఒకరు పెట్టింది ఇంకొకరికి పెడత, వాళ్ళు ఇంకొకరికి పెడతరు. ఒకసారి నేను హన్మకొండల పెట్టిన ఆకుపచ్చ ముక్క రెండేండ్లకు సియాటిల్‌ల నా ఒళ్ళకే వచ్చింది, అంచు మీద పసుపు మరకతోని గుర్తుపట్టిన. ఎవరం బాధపడలే. కాబట్టి పనికిరాని బట్ట ఇచ్చిండని కేసు పెడితే మన ఆడోళ్ళంతా జైల్ల ఉండాలె.

కానీ నాకొకటి సమజ్ కాలే. డబ్బా విప్పినప్పుడు నువ్వేం చేసినవ్? అది రాయలే.

ఫిల్లీ_అల్లుడు
నవ్వానక్కా. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. "ఛీ" అని గాల్లోకి విసిరేశాను. పోయి పులిహోర గిన్నె పక్కన పడింది.

ఓరుగల్లు_అక్క
మరి నవ్వినోడివి ఈడకొచ్చి పంచాయితీ ఎందుకు పెడుతున్నవ్? ఇంకేదో ఉంది.

ఫిల్లీ_అల్లుడు
ఉంది.

నేను విసిరింది ఒకడు వీడియో తీశాడు. పదకొండు సెకన్లు. మా ఫాంటసీ గ్రూపులో పెట్టాడు, అక్కడిదాకా ఓకే, నేనే దాని కింద బొమ్మలు పెట్టాను. అక్కణ్ణుంచి ఎవరో ఫ్యామిలీస్ గ్రూపులో వేశారు. అందులో నూట నలభై మంది. అక్కణ్ణుంచి మా ఆవిడ చిన్నమ్మ కూతురికి, ఆమె నుంచి మచిలీపట్నం. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఫోను. మా అత్తగారు ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఆవిడ గొంతు అలా వినడం ఇదే మొదటిసారి. "ఏం నాయనా, ఎవరో పండక్కి ప్రేమగా బట్టలు పెడితే ఛీ అని అన్నం గిన్నెల మీదికి విసిరేశావట?"

ఆవిడకి నేనేం చెప్పాలి? మా రెండు టీములూ ఉన్న ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్ డివిజన్ గురించి చెప్పాలా? ఒకే డివిజన్‌లో ఉండి ఏడాదికి రెండుసార్లు కొట్టుకుంటాం అత్తయ్యా అనాలా? సెప్టెంబర్ 4న 24-20తో మేం గెలిచామనీ, నవంబర్ 23న 21-0తో ముందుండి కూడా 24-21తో ఓడిపోయామనీ, అప్పటి నుంచి నాకు గ్రూపులో రోజూ 21 అంకె పంపుతున్నారనీ, అందుకే అలా విసిరాననీ చెప్పాలా? చెప్పాను. ఐదు నిమిషాలు చెప్పాను. అంతా విని, "సరే గానీ, బట్టలేం పాపం చేశాయి?" అన్నారు.

గుంటూరు_గోంగూర
అయితే ఇప్పటిదాకా మనం వాదించింది తప్పు కేసు మీద. గిఫ్టు ఇచ్చినవాడు నిర్దోషి. వీడియోని గ్రూపు దాటించినవాడే ముద్దాయి.

మా పెద్దమ్మ పెళ్ళిళ్ళలో వియ్యాలవారి పాటలు పాడేది. వియ్యపురాలి ముక్కు, నడక, తిండి, ఏదీ వదిలేది కాదు. పందిట్లో ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వేవాళ్ళు, ఆ వియ్యపురాలితో సహా. అదే పాట రికార్డు చేసి మర్నాడు వాళ్ళ ఊరికి పంపి ఉంటే? కాపురం కూలేది. ఎకసెక్కం పందిరి కింద ఉన్నంతసేపే ఎకసెక్కం.

నీలి_చుక్క
ఒప్పుకోను. నలుగురిలో ఫోన్లు ఎత్తి ఉన్నప్పుడు విసిరింది ఎవరు? కెమెరా ఉందని తెలిసే విసిరాడు, కాస్త షో కూడా చేసి ఉంటాడు. ఈ రోజుల్లో 11 మంది గ్రూపులో పెట్టింది 11 మంది దగ్గరే ఉంటుందని నమ్మేవాడు ఫాంటసీలో ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు, అందరూ చివరికి వదిలేసే కిక్కర్‌ని రెండో రౌండ్‌లోనే తీసుకునే రకం.

చీటీ_లెక్కలు
రెండో రౌండ్‌లో కిక్కర్! ఇది మాత్రం వ్యక్తిగత దూషణే, మోడరేటర్లు చూసుకోవాలి.

నా మాట నేను మార్చుకోను. ఆ డబ్బాలో ఒక జత సాక్స్ ఉండి ఉంటే ఈయన జెర్సీ విసిరి సాక్స్ ఎత్తి చూపించేవాడు. వీడియోలో అదీ పడేది. అత్తగారు సాక్స్ చూసి ఊరుకునేవారు.

కడప_కామెంటేటర్
అత్తగార్లు సాక్స్ చూసి ఊరుకుంటారని ఎవరు చెప్పారు సార్ మీకు?

ఓరుగల్లు_అక్క
నీలి చుక్కా, నువ్వనేది సగం నిజం. కెమెరా ఉందని తెలుసు, కానీ ఎవరు చూస్తరో తెల్వదు కదా. మీకు దాంట్ల చుక్క కనిపిస్తది, ఈగిల్స్, కౌబాయ్స్ కనిపిస్తయి. మా అమ్మకైతే మడత విప్పని కొత్త బట్ట, దాన్ని విసిరిన అల్లుడు, అంతే. మా ఇంట్ల ఎవలన్న బట్ట పెడితే నచ్చకున్నా కళ్ళకు అద్దుకుని తీసుకుంటం. ఆమె కోపం తప్పెట్లయితది?

పంపినోణ్ణి అడిగినవా తమ్ముడూ, ఎందుకు పంపినవని?

ఫిల్లీ_అల్లుడు
అడిగానక్కా. "అందరూ నవ్వుకుంటారని పంపాను రా మామా" అన్నాడు. నిజంగానే అంతే. వెంటనే ఫ్యామిలీస్ గ్రూపులో డిలీట్ చేశాడు. దాంతో ఇంకో గొడవ. అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా "ఏదో డిలీట్ చేశారు, ఏంటది?" అని అడగడం మొదలుపెట్టారు. చూసినవాళ్ళు చెప్పారు. ఒకాయన సేవ్ చేసుకున్న కాపీ మళ్ళీ పెట్టాడు, ఇదేనా అని.

గుంటూరు_గోంగూర
నవ్వకూడదు గానీ నవ్వొస్తోంది.

నీలి_చుక్క
సరే, ఒక మెట్టు దిగుతున్నాను. జెర్సీ ఇవ్వడం తప్పు కాదు, దాని మీద నా మాట మారదు. వీడియో దాటించడం తప్పే. మరి ఇప్పుడు అత్తగారితో రాజీ ఎలా? అసలే వచ్చేది సంక్రాంతి.

ఫిల్లీ_అల్లుడు
రాజీ అయిపోయింది. అందుకే ఇంకా మంటగా ఉంది.

నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి మామూలు గొంతే. "చూడు నాయనా, మీ ఆట నాకు తెలీదు. ఇక్కడ మా చెల్లెలు, పక్కింటివాళ్ళు అందరూ చూశారు. ఒక్కసారి ఆ చొక్కా తొడుక్కుని ఫోటో తీసి పంపు, అందరికీ చూపిస్తాను, నోళ్ళు మూతపడతాయి" అన్నారు. మా ఆవిడ ఫోను స్పీకర్‌లో పెట్టి నా మొహం చూస్తోంది. మా బాబు ఫ్రిస్కోలో రెండో తరగతి, వాడి క్లాసంతా కౌబాయ్సే. వాడు అప్పటికే జెర్సీ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

బ్రాడ్ స్ట్రీట్ మీద నిలబడ్డవాణ్ణండీ నేను. ట్యాగు కూడా తియ్యకుండా తొడుక్కున్నాను. పేరు కనపడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాను. చుక్కలు మాత్రం దాచలేకపోయాను, భుజాలకి చెరోటి ఉన్నాయి. మా ఆవిడ ఫోటో తీసింది. అత్తగారికి మాత్రమే పంపాను, ఇంకెవరికీ లేదు.

ఇరవై నిమిషాల్లో మా ఫాంటసీ గ్రూపులో ఉంది. ఇప్పుడు గ్రూపు ఫోటో అదే. లాక్ కూడా చేశారు.

నీలి_చుక్క
జనవరి 28 దాకా ఉంచమని చెప్పన్నా. ఇంతకీ సైజు సరిపోయిందా?