పర్లాకిమిడిలో ఉండి ఫార్చ్యూనర్ లాంటి పెద్ద బండి పెట్టుకోవడం అవసరమా?

జీడిపిక్కల వ్యాపారి, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

అందరికీ నమస్కారం. సీజన్‌లో రామగిరి, ఆర్.ఉదయగిరి, మోహన వైపు ఊళ్లు తిరిగి పిక్కలు కొంటాను. సరుకు పికప్‌లో పలాస పోతుంది, నేను కారులో తిరుగుతాను. ఇప్పుడున్నది పాత వేగనార్. నలుగురం ఎక్కితే ఘాట్‌లో లాగలేకపోతోంది, కొండ ఊళ్ల మట్టిరోడ్ల మీద అడుగు రాసుకుంటోంది. మార్చాలి, అందులో సందేహం లేదు.

శ్రీకాకుళంలో మా తోడల్లుడికి తెలిసినాయన 2018 మోడల్ ఫార్చ్యూనర్ అమ్ముతున్నాడు. 2.8 డీజిల్, ఆటోమేటిక్, బండి శుభ్రంగా ఉంది. మావగారు తీసేసుకోమంటున్నారు. "పదిమందిలో తిరిగేవాడివి, బండిని చూసే మాటకి విలువిస్తారు" అని ఆయన వాదన. మా ఇంటావిడకి ఇష్టం లేదు. మావాడు తొమ్మిదో తరగతి. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుందని లెక్క చూపించి "మన నలుగురికీ అంత బండెందుకు నాన్నా" అని అడిగాడు. వాడికేం చెప్పాలో తెలియడం లేదు.

డబ్బు సర్దుకోగలను. నా ప్రశ్న ఒక్క డబ్బు గురించి కాదు. మన ప్రాంతంలో ఇలాంటి బండి పెట్టుకోవడం సబబేనా? వాడినవాళ్లు, బాగుచేసేవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఎవరైనా సరే, మనసులో ఉన్నది చెప్పండి.

జయపురం బావ, కొరాపుట్ జిల్లా

తీసుకోండి అన్నా. పెద్ద బండి అనగానే షోకు అని తీసిపారేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మా ఇంట్లో ఏడుగురం. నాన్నకి కిడ్నీ సమస్య, చూపించడానికి వైజాగ్ తీసుకెళ్లాలి. జయపురం నుంచి కొరాపుట్, సుంకి మీదుగా సాలూరు ఘాట్ దిగి వెళ్లాలంటే సగం పూట ప్రయాణం. చిన్న కారులో ఆయన నడుము విరిగిపోయేది. స్కార్పియో ఎన్ డీజిల్ తీసుకున్నాక వెనకసీటు మడిచి కాళ్లు చాపుకుని పడుకుంటున్నారు. కార్లని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022లో దానికి అయిదు స్టార్లు ఇచ్చింది. ఎదురుగా లోడు లారీలొచ్చే రోడ్డు మీద అది నాకు చాలా పెద్ద ధైర్యం.

డీజిల్ ఎక్కువ తాగుతుంది, నిజమే. నాన్న సుఖంగా వెళ్లి వస్తున్నారు. ఆ ఖర్చు నాకు బరువనిపించలేదు.

షెడ్డు మేస్త్రి, పర్లాకిమిడి

బావగారి నాన్నగారి ఆరోగ్యం బాగుండాలి. ఆ ఇంటికి ఆ బండి తగినదే. ఏడుగురు మనుషులు, పెద్దాయన, దూరం, అన్నీ ఉన్నాయి. కాని వ్యాపారి బాబూ, నువ్వు అడిగింది నీ పని గురించి. నాకు తెలిసింది కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు తిరిగే రోడ్డు నాకు తెలుసు. అక్కడ బండికి కావలసినవి మూడు: నేలకి ఎత్తు, తక్కువ స్పీడులో లాగే బలం, చెడిపోతే దగ్గర్లో విప్పి బిగించే మనిషి. రెండు టన్నుల బరువు ఈ మూడింట్లో లేదు. ఎత్తు కావాలంటే టాటా నెక్సాన్‌కి 208 మిల్లీమీటర్లు ఉంది. లాగుడు కావాలంటే ఇప్పటి 1.5 టర్బో డీజిల్ ఏదైనా నలుగుర్ని కూర్చోబెట్టుకుని మన ఘాట్ మూడో గేర్‌లో ఎక్కేస్తుంది. బొలేరో అంటావా, మన వైపు ఏ సెంటర్‌లో ఆగినా దాన్ని విప్పే కుర్రాడు దొరుకుతాడు.

ఇక బరువు సంగతి. ఎక్కేటప్పుడు బరువుని ఇంజిన్ మోస్తుంది. దిగేటప్పుడు బ్రేకు మోయాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పోయిన వానల్లో కొండ దిగొచ్చిన ఒక పెద్ద ఆటోమేటిక్ బండి నా షెడ్డుకొచ్చింది. చక్రం విప్పేసరికి ముందు డిస్కులు రెండూ నీలం రంగుకి తిరిగున్నాయి. ప్యాడు మీద వేలు పెట్టి రాస్తే గరుకు తగలాలి, అది నున్నగా అద్దంలా జారిపోయింది. నడిపినాయన పైనుంచి కిందిదాకా గేరు డ్రైవ్ (డి)లోనే వదిలి, బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగాడు. బండి కొత్తదే, ఏ లోపమూ లేదు. బరువున్న బండిని దించే పద్ధతి ఆయనకెవరూ నేర్పలేదు. నువ్వు ఏది కొన్నా గాని, ఎక్కిన గేర్‌లోనే దిగు. ఆటోమేటిక్ అయితే లీవర్ మాన్యువల్‌లోకి తోసి గేరు తగ్గించుకో. మీ ఇంట్లో ఇంకెవరు నడిపినా వాళ్లకీ చెప్పు.

డీజిల్ లెక్క. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు తిరుగుతావనుకుందాం. పెద్ద బండి ఘాట్, బజారు కలిపి లీటరుకి పది ఇస్తే 1500 లీటర్లు. చిన్న డీజిల్ పదహారు ఇస్తే 940 లీటర్లు. తేడా 560 లీటర్లు, లీటరు 92 రూపాయలనుకుంటే ఏటా యాభై వేల పైమాట. మీవాడి లెక్కలో ఒకటిన్నర టన్నుల పొగ. పాతపట్నం వాళ్లు గీత దాటొచ్చి మన బంకుల్లో కొట్టించుకుని పోతారు, ఆంధ్రా కన్నా ఇక్కడ లీటరుకి నాలుగైదు రూపాయలు తక్కువని. ఆ నాలుగైదు రూపాయల విలువ తెలిసిన జనం మనం. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతం పైనే బయటినుంచి కొంటున్నదే కదా. అవసరం లేని 560 లీటర్లు కాల్చడం నాకు తప్పుగానే కనిపిస్తుంది. డబ్బు నీదే అయినా సరే.

ఇన్సూరెన్సులో కూడా తేడా ఉంది. 2022 జూన్‌లో పెట్టిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1000 దాటి 1500 సీసీ లోపు బండికి 3,416 రూపాయలు, ఆ పైన బండికి 7,897. ఫార్చ్యూనర్ టైర్లు 265 సైజు, నాలుగూ ఒకేసారి మార్చాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. బుష్షులు, షాకబ్జర్లు, అన్నీ ఆ బరువుకి తగ్గట్టే ఉంటాయి. దగ్గర్లో సర్వీసు లేని బండికి చిన్న సెన్సార్ పోయినా వ్యాన్ మీదెక్కించి పంపాలి. సీజన్ మధ్యలో నీకు అది కుదరదు.

సేఫ్టీ అంటే పెద్ద బండే అనుకుంటున్నారు జనం. ఫార్చ్యూనర్‌కి ఆసియాన్ ఎన్‌క్యాప్‌లో అయిదు స్టార్లున్న మాట నిజం. నాలుగు మీటర్ల లోపే ఉన్న నెక్సాన్‌కి కూడా 2018లోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ అయిదిచ్చింది, అప్పటికి మన దేశపు కార్లలో అదే మొదటిది. పెద్దగా కనిపించే బండ్లలో ఒక్క స్టారుతో సరిపెట్టుకున్నవీ ఉన్నాయి. కాబట్టి స్టార్లు చూసుకో, సైజు చూసి నమ్మకు.

మావగారి మాటకొస్తాను. పెద్దాయన, ఆయన అనుభవాన్ని నేను కాదనను. కాని కొండ మీద సవర రైతు దగ్గర నువ్వు కాటా పట్టుకుని బేరమాడుతుంటే, నీ వెనక నిలబడ్డ బండిని ఆయన కూడా చూస్తాడు. కిలోకి రెండు రూపాయలు తగ్గించమని నువ్వెలా అడుగుతావు? అడిగినా ఆయన మనసులో ఏమనుకుంటాడు? ఆ ఊళ్లలో మాట నిలబడేది కాటా సరిగ్గా తూచి, డబ్బు చేతిలో పెట్టి వచ్చేవాడిదే.

తిత్లీ తుపాను రోజులు మర్చిపోలేదు కదా, 2018 అక్టోబరు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండి ఉంటే తుపానులోనైనా వెళ్లొచ్చని మొన్న ఎవరో అంటున్నారు. చెట్లు అడ్డంగా పడ్డ రోడ్డు మీద ఏ ఫోర్ బై ఫోరూ పోలేదు. జేసీబీ వచ్చి దారి తీస్తే అందరం పోయాం.

గుణుపురం టీచరమ్మ, రాయగడ జిల్లా

మేస్త్రి గారు బండి లోపలి సంగతులు చెప్పారు. నేను బండి బయట నడిచేవాళ్ల వైపు నుంచి చెప్తాను.

సంత రోజున మా రోడ్డు మీదకి ఒకసారి వచ్చి చూడండి. కొండ దిగి వచ్చే ఆడవాళ్లు తల మీద పసుపు, చింతపండు, కట్టెల మోపు పెట్టుకుని రోడ్డంచున వరసగా నడుస్తారు. నడుముకి పిల్లవాడు. మోపు రెండు వైపులకీ చాచి ఉంటుంది కనుక వాళ్లు పక్కకి తిరగలేరు, మట్టిలోకి దిగితే కాలు జారుతుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, వాహనాలు తక్కువ తిరిగే చోట 3 మీటర్లే. ఫార్చ్యూనర్ వెడల్పు 1855 మిల్లీమీటర్లు, అద్దాలు కలుపుకుంటే రెండు మీటర్లు దాటుతుంది. మూడు మీటర్ల రోడ్డు మీద ఆ తల్లికి మిగిలేది ఎంతో మీరే చెప్పండి. హారన్ కొడితే ఆమె ఎటు పోవాలి?

ఇంకో సంగతి, బానెట్ ఎత్తు. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే సంస్థ పాదచారులను గుద్దిన ప్రమాదాలను వేల సంఖ్యలో పరిశీలించి 2023లో ఫలితాలు చెప్పింది. బానెట్ 40 అంగుళాల కన్నా ఎత్తున్న బండి గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి ముందుకి వాలిన బానెట్ ఉన్న కారుతో పోలిస్తే మనిషి చనిపోయే ప్రమాదం దాదాపు 45 శాతం ఎక్కువ. కారణం కష్టమైనదేం కాదు. తక్కువ ఎత్తు కారు కాళ్లకి తగులుతుంది, ఎత్తుది ఛాతీకీ తలకీ తగులుతుంది. నలభై అంగుళాలంటే మా ఒకటో తరగతి పిల్లల తల దాకా. గేటు ముందు పెద్ద బండి ఆగి ఉన్నప్పుడు దాని ముందు మా పిల్లలు నిలబడితే డ్రైవర్ సీట్లోంచి కనబడరు. ఇది నేను రోజూ చూసే భయం. అందుకే బడి వదిలే వేళ నేనే గేటు దగ్గర నిలబడతాను.

ఏ బండి కొన్నా ముందు ఇనుప గార్డు మాత్రం బిగించుకోకండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ దాన్ని నిషేధించింది. అయినా మా వైపు ఇంకా బిగిస్తున్నారు. ఎదుటివాడికి దెబ్బ, ఎయిర్‌బ్యాగు సరైన వేళకి తెరుచుకోకపోతే లోపలివాళ్లకీ దెబ్బ.

మీ అబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు. వాడికి "నువ్వు చెప్పింది విన్నాను" అని చెప్పండి చాలు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అది చాలా పెద్ద మాట.

జయపురం బావ

టీచర్ గారూ, మీరు చెప్పిన మోపుల సంగతి మా నందపూర్ రోడ్డులోనూ అంతే. నేను అక్కడ ఇరవైకి మించి పోనివ్వను. ఇనుప గార్డు నాకూ లేదు. కాని బండి తప్పా, నడిపేవాడి తప్పా అన్నది విడిగా చూడాలనే నా మాట. సంతలో ఆల్టోని తోలేసేవాళ్లూ ఉన్నారు.

గుణుపురం టీచరమ్మ

నడిపేవాడు మంచివాడైతే ప్రమాదం తగ్గుతుంది, ఒప్పుకుంటాను బాబూ. ఎంత మంచివాడు నడిపినా బానెట్ ఎత్తు మాత్రం తగ్గదు. మీ నాన్నగారి కోసం మీరు తీసుకున్నారు, దానికి నేనేమీ అనను. అవసరం లేకుండా కొనేవాళ్ల గురించే నా బాధ.

జీడిపిక్కల వ్యాపారి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ రాత్రి మావాడికి, ఇంటావిడకి మొత్తం చదివి వినిపించాను. టీచర్ గారు చెప్పిన మాట వాడికి చెప్పాను కూడా. ఫార్చ్యూనర్ వద్దని తోడల్లుడికి ఫోన్ చేసేశాను. మావగారికి నేనే వెళ్లి చెప్తాను, ఫోన్లో చెప్తే బాగుండదు.

మేస్త్రి గారూ, రెండు సందేహాలు. కొత్తది తీసుకుంటే పన్ను తగ్గిందంటున్నారు, ఎంత? శ్రీకాకుళంలో పాత చిన్న డీజిల్ దొరికితే ఆంధ్రా నంబరుతోనే నడుపుకోవచ్చా?

షెడ్డు మేస్త్రి

మంచి పని చేశావు. 2025 సెప్టెంబరు 22 నుంచి పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోలు 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటని కార్లకి జీఎస్టీ 18 శాతం. అంతకన్నా పెద్దవాటికి 40. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీలకి సెస్సుతో కలిపి 50 ఉండేది, అంటే వాటికీ తగ్గింది. నా మనసుకి అది నచ్చలేదు.

ఆంధ్రా బండి ఏడాది మించి ఇక్కడే ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం మన దగ్గర మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అక్కడి ఆర్టీఓ దగ్గర అభ్యంతరం లేదన్న కాగితం, ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడ రోడ్డు టాక్స్ కట్టి, మన జిల్లా ఓడీ 20 నంబరు వేయించుకోవాలి. ఆ టాక్స్ ఎంతవుతుందో ముందే కనుక్కుని బేరంలో తగ్గించమను.

ఇంకొకటి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (పొగ తగ్గించే ప్రమాణం) డీజిల్ అయితే పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరుంటుంది. ఇంటినుంచి గోడౌన్‌కి, గోడౌన్ నుంచి ఇంటికి అని చిన్న చిన్న దూరాలే తిప్పితే అది మూసుకుపోతుంది, లైటు వెలుగుతుంది. సీజన్ లేని నెలల్లో వారానికోసారి టెక్కలి దాకా ఒకే స్పీడులో తీసుకెళ్లి తీసుకురా, మసి కాలిపోతుంది. బేరం కుదిర్చే ముందు బండిని షెడ్డుకి తీసుకురా, కింద గుంటలోంచి చూసి చెప్తాను. ఆదివారం రాకు, మూసేస్తాను.