పొగ ఎటు పోతోందో ఉపగ్రహం చూపిస్తే సరిపోతుందా?

పడమటిగాలి, న్యూజెర్సీ

కెనడాలో అడవులు తగలబడితే చాలు, ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉపగ్రహ చిత్రాలంటూ బొమ్మలు తిరగడం మొదలవుతుంది. ఊదారంగు మచ్చ న్యూజెర్సీ మీదికి రాగానే పిల్లల క్రికెట్ ఆట, గుడిలో కల్యాణం అన్నీ వాయిదా. తీరా బయటికి వచ్చి చూస్తే గాలి మామూలుగానే ఉంటుంది. నా వాదన ఒకటే. ఈ బొమ్మలు చూసి ఎవరూ నిర్ణయాలు తీసుకోకూడదు. నేల మీది పరికరం చూపే పీఎం 2.5 అంకెనే, అంటే గాలిలోని అతి సన్నని ధూళి లెక్కనే నమ్మాలి. పొగ అయిదు కిలోమీటర్ల ఎత్తున ఉందో, మన ముక్కు దగ్గరే ఉందో పైనుంచి తీసిన చిత్రం చెప్పదు. 2023 జూన్ చివర్లో కెనడా పొగ అట్లాంటిక్ దాటి పోర్చుగల్, స్పెయిన్‌ల దాకా వెళ్లింది. చిత్రాల్లో చూస్తే గుండె గుభేలుమంది. కాని పొగ బాగా ఎత్తున ఉండడంతో ఆకాశం మసకబారిందే తప్ప కింద గాలి పెద్దగా చెడలేదు.

మేఘమాల, టొరంటో

పడమటిగాలి గారూ, అదే నెల 7వ తేదీని ఎందుకు వదిలేశారు? ఆ రోజు న్యూయార్క్‌లో పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. గాలి నాణ్యతా సూచీ 400 దాటింది. ఆ అంకె ఎప్పుడు వచ్చింది? పొగ వచ్చి మీద పడ్డాక! అప్పట్లో గోస్-16 అనే అమెరికా వాతావరణ ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి అమెరికాను అయిదు నిమిషాలకోసారి, తనకు కనిపించే భూభాగం మొత్తాన్ని పది నిమిషాలకోసారి చూసేది. 2025 నుంచి ఆ పని గోస్-19ది. ఆ చిత్రాలను వరసగా నడిపిస్తే, తీరం దగ్గరి అల్పపీడనం చుట్టూ తిరిగే గాలి కెనడాలోని క్విబెక్ పొగను దక్షిణానికి లాక్కురావడం కళ్లకు కడుతుంది. నేల మీది అంకెలను కూడా అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు నమ్మలేం. ఇళ్లకు తగిలించుకునే చవక సెన్సార్లు పొగను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపుతాయి. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ తన పొగ పటంలో వాటి అంకెలను సరిచేసి వేస్తుంది.

పడమటిగాలి

మరి రాత్రి మాటేమిటి? చీకటి పడ్డాక ఆ ఉపగ్రహానికి మిగిలేది వేడిని బట్టి తీసే పరారుణ చిత్రమే, అందులో పొగ దాదాపు కనిపించదు. మేఘం అడ్డువస్తే పగలైనా అంతే. లోయల్లో పొగ నేలను అంటిపెట్టుకుని ఉండేది సరిగ్గా రాత్రీ తెల్లవారుజామునే.

తీరవాసి, విశాఖపట్నం

దూరసంవేదన, అంటే ఉపగ్రహాలతో దూరం నుంచే భూమిని పరిశీలించే విద్య, పాఠాలుగా చెప్పేవాడిగా ఒక మాట. మీ గ్రూపుల్లో తిరిగే ఊదారంగు బొమ్మలు చాలావరకు ఉపగ్రహం తీసినవి కావు, కంప్యూటర్ వేసిన అంచనాలు. పొగ కదలికను ముందే లెక్కగట్టే హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ స్మోక్ అనే కంప్యూటర్ నమూనా ఉంది. ఉపగ్రహాల్లో ఉండే వీర్స్, మోడిస్ పరికరాలు మంట నుంచి వెలువడే వేడిని కొలుస్తాయి. ఆ వేడిని బట్టి ఎంత పొగ లేస్తుందో లెక్కగట్టి, గాలి దాన్ని ఎటు మోసుకుపోతుందో ఈ నమూనా చెబుతుంది. దానిలో రెండు పటాలుంటాయి. ఒకటి నేల నుంచి పైదాకా ఉన్న పొగనంతా కూడి చూపేది, రెండోది నేల దగ్గరి పొగను మాత్రమే చూపేది. జనం పంచుకునేది మొదటిది, ఎందుకంటే అది ఎక్కువ భయపెడుతుంది. పడమటిగాలి గారి కోపం న్యాయమైనదే, కాని అది తగలాల్సింది ఉపగ్రహానికి కాదు, ఏ పటమో చెప్పకుండా బొమ్మను పంపేవారికి.

ఎత్తు కొలవడం నిజంగానే కష్టం. లేజర్ కాంతితో ఆ పని చేసిన కాలిప్సో ఉపగ్రహం 17 ఏళ్లు పనిచేసి 2023లో ఆగిపోయింది. 2024లో వెళ్లిన ఎర్త్‌కేర్ ఉపగ్రహంలో అలాంటి పరికరమే ఉంది. అయితే అది తాను వెళ్లే దారి కింద సన్నని గీత మేరకే కొలుస్తుంది.

కొండవాగు, ఆత్మకూరు

మా నల్లమలలో ఎండాకాలం మంటలకు ఇవన్నీ పనికొస్తాయా?

తీరవాసి

మంట జాడకు పనికొస్తాయి. భారత అటవీ సర్వే సంస్థ వీర్స్, మోడిస్ సమాచారంతోనే అటవీ సిబ్బందికి హెచ్చరికలు పంపుతుంది. వీర్స్ మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో. సాయంత్రం అంటుకుని అర్ధరాత్రిలోపే ఆరిపోయే చిన్న మంట దాని కంటపడకపోవచ్చు.

పడమటిగాలి

అయితే నేల దగ్గరి పటాన్నే పంచమనండి, దాని మీద తేదీ, గంట వేయమనండి. అప్పటిదాకా గుడి కమిటీలో నేను నేల మీది పరికరం ఆ గంటకు చూపే అంకెనే అడుగుతాను.

మేఘమాల

కల్యాణానికి ఆ గంట అంకె చాలునేమో. మా అమ్మాయికి ఉబ్బసం. బడికి పంపాలా వద్దా, ఇన్‌హేలర్ ఎవరికి అప్పగించాలి అన్నది ముందురోజు సాయంత్రమే తేల్చుకోవాలి. అంకె పెరిగాక తెలిస్తే పిల్ల అప్పటికే బస్సులో ఉంటుంది.