అప్‌డేట్: ఏటీఎల్‌లో ఒకే క్లాస్ రెండుసార్లు పుట్టే సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, అనాలిసిస్ క్లాస్ డయాగ్రామ్‌ని ఏటీఎల్ (ఒక మోడల్‌ని ఇంకో మోడల్‌గా మార్చే భాష) రూల్స్‌తో డిజైన్ మోడల్‌గా మారుస్తుంటే విద్యార్థి-కోర్సు మెనీ టు మెనీ అసోసియేషన్‌కి (ఒక విద్యార్థికి చాలా కోర్సులు, ఒక కోర్సుకి చాలామంది విద్యార్థులు) ఆ రెంటినీ కలిపే 'నమోదు' క్లాస్ రెండేసి వస్తోందని. దొరికిందండీ. 'నమోదు'ని పుట్టించే రూల్‌ని లేజీ రూల్‌గా (వేరే రూల్ పిలిస్తేనే నడిచేది) రాసి, అదే అసోసియేషన్ ఇచ్చి రెండు చివర్ల నుంచీ పిలుస్తున్నాను. లేజీ రూల్ పిలిచిన ప్రతిసారీ కొత్తది పుట్టిస్తుంది. 'లేజీ' అన్న మాటకి ముందు 'యూనిక్' అని ఒక్క మాట చేరిస్తే, అదే అసోసియేషన్‌తో మళ్లీ పిలిచినా మొదట పుట్టినదాన్నే ఇస్తుంది. ఆ సలహా ఇచ్చినవారికి థాంక్స్.

ఈ కారణం తెలియక ఎక్లిప్స్ (ఏటీఎల్ నడిపే టూల్) మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఈకోర్ ఫైల్ (మోడల్‌లో ఏమేం ఉండొచ్చో చెప్పేది) తిరగరాయడం శుద్ధ దండగ. శనివారమంతా దానికే పోయింది.

ఇంకోటి, ఒక రూల్‌లో రెండు టార్గెట్లుంటే (అంటే అది రెండు ఎలిమెంట్లు పుట్టిస్తే) మామూలుగా మొదటిదే లింక్ అవుతుంది. రెండోది కావాలంటే రిజాల్వ్‌టెంప్ అనే ఆపరేషన్ వాడాలి.