క్రైస్ట్‌చర్చ్‌లో ఇల్లు కొనాలనుకుంటున్నాము: భూకంపానికీ వరద ముప్పుకూ సంబంధం ఏమిటి?

కాకినాడ_కోడలు
అందరికీ నమస్కారం. మేము న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మైరెహౌ వైపు ఒక ఇల్లు చూశాము. నగరపాలక మండలి ఇచ్చే లిమ్ అనే స్థల వివరాల నివేదికలో ఆ స్థలం వరద ముప్పు ఉన్న ప్రాంతంలో ఉందని రాసి ఉంది. 2011కు ముందు ఈ వీధిలోకి నీరు వచ్చేదే కాదని పక్కింటి పెద్దావిడ చెప్పారు. అప్పుడెప్పుడో భూమి కంపించినందుకు ఇన్నేళ్ల తర్వాత వాన నీరు ఎందుకు నిలుస్తుంది? ఇలాంటి ఇంటికి బీమా, బ్యాంకు రుణం దొరుకుతాయా?

రసమట్టం
ఇరవై రెండేళ్లుగా వాన నీటి కాలువల రూపకల్పనే నా వృత్తి కనుక, దీనికి నేనే సరిగ్గా జవాబు చెప్పగలను. స్నానాల గదికి గచ్చు చేసేటప్పుడు మేస్త్రి వాటం తప్పితే నీరు తూము వైపు పోకుండా మూలన నిలుస్తుంది. భూకంపాలు ఒక నగరం మొత్తానికి ఆ పనే చేశాయి. చాలావరకు చిత్తడి నేలను ఎండగట్టి కట్టిన ఊరు కాబట్టి అక్కడ వాటం మొదటి నుంచీ స్వల్పమే. 2010 సెప్టెంబరు 4న, 2011 ఫిబ్రవరి 22న, ఆ ఏడాదే జూన్, డిసెంబరు నెలల్లో వచ్చిన కంపాలకు అడుగునున్న తడి ఇసుక ద్రవంలా మారి పైకి ఉబికింది, పైనేల కుంగింది. ఏవన్ నది ఒడ్డులు రెండు వైపుల నుంచీ లోపలికి జరగడంతో నది ఇరుకైంది, దాని అడుగు పైకి లేచింది. నేల కుంగిన చోట భూగర్భ జలం పైకి దగ్గరై, వాన నీరు ఇంకడానికి చోటు తగ్గింది. హీత్‌కోట్ నది సముద్రపు పాయలో కలిసే చోట మాత్రం నేల పైకి లేచింది. దిగువ లేస్తే ఎగువ నీటికి వాటం పోతుంది కాబట్టి అక్కడా నష్టమే జరిగింది.

లెక్కల_మాస్టారు
సూత్రం సరే గాని, నిలిచిన ప్రతి నీటికీ భూకంపాన్నే కారణంగా చూపడం అందరికీ అలవాటైపోయింది. 2014 మార్చిలో ఊరు మునిగినప్పుడు ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అంత వాన పడితే ఏ చదునైన ఊరైనా మునుగుతుంది. చిత్తడిలో ఇళ్లు కట్టడమే అసలు తప్పు.

ఫ్లాక్టన్_పాతకాపు
మాస్టారు గారూ, మీరు ఆ నీటిలో నిలబడి ఉంటే ఈ మాట రాసేవారు కారు. మేము 2006 నుంచి మైరెహౌ వైపే ఉన్న ఫ్లాక్టన్ పల్లంలో సొంత ఇంట్లో ఉన్నాము. భూకంపానికి ముందు నీరు మెట్టు దాటలేదు. తర్వాత, 2014 నాటి వానలో సగం పడిన రోజుల్లోనూ ఇంట్లోకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మా అబ్బాయి వంటగది గుమ్మం మీద పెన్సిలుతో గీత గీసేవాడు. అన్నిటికన్నా పై గీత ఫ్రిజ్ కింద పెట్టిన రెండు వరుసల ఇటుకలను దాటింది. ఇంటిని చూడడానికి వచ్చిన బీమా మనిషి గచ్చు మీద మట్టం పెట్టి, బుడగ నడిమధ్యన నిలిచింది కాబట్టి ఇంటికి ఏ నష్టమూ లేదని రాసుకుని వెళ్లాడు. నేలతో పాటు ఇల్లు కూడా సమానంగా కుంగితే బుడగ కదలదని ఆయనకు చెప్పి చెప్పి నా గొంతు ఎండిపోయింది.

లెక్కల_మాస్టారు
మీ కష్టం పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఒక్క ఇంటి గుమ్మం మీది గీతలతో నగరం మొత్తానికి తీర్పు చెప్పకూడదు.

రసమట్టం
మాస్టారు గారూ, వాన ఎంత పడిందన్నది ఒక ప్రశ్న, పడిన వాన ఎంత లోతున నిలిచిందన్నది వేరొక ప్రశ్న. మీరు మొదటిదానికి మాత్రమే జవాబు చెబుతున్నారు. పగులు ఒక్కటీ కనిపించకపోయినా, నేల కుంగి వరద ముప్పు పెరగడాన్ని భూకంప నష్టాలకు బీమా చెల్లించే అక్కడి ప్రభుత్వ సంస్థ, భూకంప కమిషన్, భూమికి జరిగిన నష్టంగానే లెక్కించింది. 2014 డిసెంబరులో హైకోర్టు కూడా ఆ పద్ధతిని సమర్థించింది.

సెందాయ్_సుధ
ఇది క్రైస్ట్‌చర్చ్‌కే పరిమితం కాదండీ. 2011 మార్చి 11 నాటి భూకంపం తర్వాత జపాన్‌లోని ఇషినోమాకిలో తీరపు నేల ఎంత కుంగిందంటే, సునామీ వెళ్లిపోయాక కూడా పోటు వచ్చిన ప్రతిసారీ వీధుల్లోకి సముద్రపు నీరు వచ్చేది. మా వారి సహోద్యోగి ఒకరు పోటు వేళల పట్టిక తలుపుకు అంటించుకుని, దాన్ని చూసుకునే బయటికి వెళ్లేవారు.

కృష్ణలంక_వాసి
2024 డిసెంబరు 4న ములుగులో భూకంపం వచ్చింది కదా. బుడమేరు మునకకు కూడా నేల కదలడమే కారణమని మా వాట్సాప్ గుంపులో తిప్పుతున్నారు. నిజమేనా?

రసమట్టం
కాదండీ. బుడమేరు ముంచింది 2024 సెప్టెంబరు మొదట్లో, అంటే భూకంపానికి మూడు నెలల ముందు. అది భారీ వానకు, బుడమేరు మళ్లింపు కాలువ కట్టలు తెగడానికి సంబంధించినది. దయచేసి ఆ సందేశాన్ని అక్కడితో ఆపండి.

లెక్కల_మాస్టారు
కనీసం ఇక్కడైనా వానదే పాత్ర అని రసమట్టం గారు ఒప్పుకున్నందుకు సంతోషం.

ఫ్లాక్టన్_పాతకాపు
మాటల్లో గెలవాలన్న పట్టుదల మానండి మాస్టారు గారూ. ఎక్కువగా నదుల వెంట ఎనిమిది వేల దాకా ఇళ్లను రెడ్ జోన్‌లో, అంటే ఇక నివాసానికి పనికిరాదని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో, చేర్చి ఖాళీ చేయించింది వాన కాదు.

కాకినాడ_కోడలు
పెద్దలందరికీ ధన్యవాదాలు. బీమా సంగతి ఎవరూ చెప్పలేదు. వచ్చే శుక్రవారం లోపు మేము ఒప్పందం ఖాయం చేయాలి.

ఫ్లాక్టన్_పాతకాపు
క్షమించాలి తల్లీ, కోపంలో మీ ప్రశ్న వదిలేశాను. మా వైపు పారే డడ్లీ క్రీక్ అనే వాగును వెడల్పు చేసి, వరద నీటిని ఏవన్‌లోకి మళ్లించే పని పూర్తయ్యాక మా వీధి చాలా కుదుటపడింది. మీ వీధికీ ఆ మేలు అందిందో లేదో మండలి వారిని అడగండి. వరద నష్టం కూడా కలిపి బీమా ఇస్తామని కంపెనీ చేత ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతిలో లేకుండా బ్యాంకు ముందుకు కదలదు. సర్వేయరు చేత గచ్చు ఎత్తు కొలిపించి, మండలి చెప్పే వరద మట్టంతో పోల్చి చూడండి.

కాకినాడ_కోడలు
సర్వేయరు బుధవారం వస్తానన్నారు. ఆ రోజు వాన ఉందట, మేము కూడా అక్కడే నిలబడి నీరు ఎటు పోతుందో చూస్తాము.