నమూనా రైలింజన్ వెనక్కి నడిపితే వర్మ్ గేర్ అరిగిపోతోంది, సాయం చేయండి

నమస్కారం అండీ. మాది విశాఖ, మర్రిపాలెం. మా నాన్నగారు డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కోసం డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ రైలు ఇంజన్‌ని 32వ వంతు సైజులో, 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచేలా చేస్తున్నాను.

మొదట పాత కారు వైపర్ మోటార్ బిగించాను. బలం ఉంది, వేగం లేదు. 34 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 45 సార్లు తిరిగితే అసలు బండి లెక్కలో గంటకు 9 కిలోమీటర్లే. 60 రావాలంటే దాదాపు 300 సార్లు తిరగాలి. అందుకే నిమిషానికి 6000 చుట్లు తిరిగే 12 వోల్టుల మోటార్‌కి, 20కి 1 వర్మ్ గేర్‌కి మారాను; అందులో మరలాంటి షాఫ్ట్ (వర్మ్) 20 సార్లు తిరిగితే పళ్ల చక్రం ఒక్కసారి తిరుగుతుంది.

అసలు ఇంజన్‌లో ఆరు ఇరుసులకీ ఆరు మోటార్లు. నేను బోగీకి, అంటే ఇంజన్ కింద మూడేసి ఇరుసులుండే చక్రాల చట్రానికి, ఒక్కటే పెట్టాను. వర్మ్ మధ్య ఇరుసుని తిప్పుతుంది, మిగతా రెండూ చిన్న గొలుసుతో తిరుగుతాయి. ముందుకు హాయిగా వెళ్తోంది. వెనక్కి నడిపితే మాత్రం కటకటమంటూ వర్మ్ షాఫ్ట్ ఒక మిల్లీమీటరు జరుగుతోంది. నెలకే ఇత్తడి గేర్ పళ్లు అరిగిపోయాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

షాఫ్ట్‌కి రెండు వైపులా థ్రస్ట్ బేరింగులు (షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేవి) వేస్తే సరిపోతుందా? గొలుసు కూడా తీసేసి గేర్లే వేయాలా? ఆటోనగర్‌లో అడిగిన చోటల్లా ఇంత చిన్న పని మేం చేయం అన్నారు. ఒకటి రెండు చిన్న గేర్లయినా కోసిచ్చే లేత్ వాళ్లు ఇక్కడ ఎవరైనా తెలిస్తే చెప్పండి. నాన్నగారికి ఇంకా చూపించలేదు, రెండు వైపులా నడిచాకే చూపిస్తాను.