లూదియ అనేది ఆమె పేరా, ఊరిని బట్టి పిలిచిన పిలుపా?

సండే స్కూల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంటే ఒక పాప అడిగింది: “లూదియ అంటే దేశం కదండీ, మనిషి పేరెలా అయింది?” నాకు నోట మాట రాలేదు.

ఫిలిప్పీలో ఊదారంగు సరుకు అమ్మిన ఆమె సొంతూరు తుయతైర. పాత లూదియ ప్రాంతమే, ఇప్పటి టర్కీలోని అఖిసార్. అంటే మనం ‘నెల్లూరావిడ’ అన్నట్టు పిలిచారా?

ఇంకొకటి. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో సార్దీస్, తుయతైర, ఫిలదెల్ఫియ ఆ నేలవే. కానీ లూదియ చివరి రాజు క్రీసస్ రాజ్యం క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే పర్షియా చేతికి పోయింది. క్రీస్తు కాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో నాటికి లూదియలో లూదియ భాషే వినిపించేది కాదట. మరి ఆ విశ్వాసులను లూదియన్లనాలా, గ్రీకులనాలా? శాసనాల సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. వచ్చే ఆదివారం ఆ పాప వదలదు.